క్షయకు కొత్త చర్మపరీక్ష: గీటురాయి ఏది?

ముంజేతి చర్మములోనికి కొద్దిపాటి ద్రవమును ఎక్కించి, రెండు మూడు దినముల తరువాత అక్కడ గట్టిపడిన పొంగును కొలుచుట మాంటూ పరీక్ష. ఇందులో వాడు ట్యూబర్క్యులిన్ అనేక ప్రోటీనుల కలగూరగంప. వాటిలో పెక్కు బి.సి.జి. టీకాలోని క్రిమికిని ఉన్నవి. కనుక క్షయక్రిమి సోకినవానికిని, టీకా మాత్రమే పొందినవానికిని చర్మము ఒకే తీరున పొంగవచ్చును. పుట్టిన శిశువులకు టీకా వేయు మన దేశమున ఇది చిన్న చిక్కు కాదు. సోకని క్రిమికి నెలల తరబడి మందు మింగవలసి వచ్చును.

డెన్మార్కులో రూపొందిన 'సి-టి.బి.' పరీక్ష ఈ చిక్కును తెలివిగా విప్పినది. కాల్మెట్, గెరిన్ అను శాస్త్రజ్ఞులు 1908 నుండి 1921 వరకు పశుక్షయ క్రిమిని తిరిగి తిరిగి పెంచి బలహీనపరచి ఈ టీకాను తయారుచేసినారు. ఆ క్రమములో దాని జన్యుపదార్థమునుండి ఒక ముక్క జారిపోయినది. ఇసాట్-6, సి.ఎఫ్.పి.-10 అను ప్రోటీనులు ఆ ముక్కకు చెందినవి. కొత్త పరీక్షలో ఈ రెండే వాడుదురు. అందుచే టీకా పొందినను, పొందకున్నను 5 మిల్లీమీటర్ల పొంగే హద్దు.

స్పెయిన్ దేశమున 13 కేంద్రములలో 979 మందిపై జరిపిన పరిశోధన 2017లో వెలువడినది. 'క్వాంటిఫెరాన్' అను రక్తపరీక్షతో కొత్త పరీక్ష నూటికి 94 పాళ్లు ఏకీభవించినదట. వినుటకు ఘనముగనే ఉన్నది. కాని ఆ రక్తపరీక్షకును ఆధారము ముఖ్యముగా ఆ రెండు ప్రోటీనులే! ఒకే పుస్తకము చదివిన ఇద్దరు విద్యార్థులు ఒకే జవాబు వ్రాసినంతమాత్రమున ఆ జవాబు ఒప్పగునా? శరీరములో దాగిన క్షయక్రిమిని నిస్సందేహముగా పట్టి చూపు గీటురాయి నేటికిని లేదు.

పరిశోధకులు ఈ లోపము నెరుగనివారు కారు. అందుకే మరియొక కొలత తీసినారు. క్షయరోగితో సంబంధము లేనివారిలో నూటికి 3 మందికి మాత్రమే చర్మము పొంగినది. అప్పుడప్పుడు కలిసినవారిలో 16 మందికి. దగ్గరగా మెలగినవారిలో 43 మందికి. రోగికి చేరువైన కొలది సంఖ్య పెరిగినది. ఈ పరిశోధన బలమంతయు ఇక్కడనే ఉన్నది గాని ఆ 94లో లేదు.

అయితే స్పెయిన్‌లో క్షయ తక్కువ. ఎవరు ఎవరివద్ద క్రిమిని పొందినారో చెప్పరానంతగా క్షయ వ్యాపించిన చోట ఈ మెట్లను కొలుచుట సులభము కాదు. ఈ పరీక్షకు మన దేశమున 2022లో అనుమతి లభించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఆ సంవత్సరమే దీనిని వాడవచ్చునన్నది. ప్రయోగశాల అక్కరలేదు, సూదియు కొలబద్దయు చాలును. (కొలిపించుకొనుటకు మనిషి మూడవనాడు తిరిగి రావలెను, ఆ పాతచిక్కు అట్లే ఉన్నది.) చర్మము పొంగినవారిలో ముందుముందు రోగము పాలగువారెవరో, క్రిమిని మోయుచు ఆరోగ్యముగనే ఉండువారెవరో ఆ పొంగు వేరుచేసి చెప్పలేదు. మందు ఇచ్చు వైద్యునికి కావలసినది ఆ సమాచారమే. దానికి అనేకులను ఏండ్ల తరబడి వెన్నంటి చూడవలెను.