తిరగరాసిన అధ్యాయం

విద్యార్థుల వక్తృత్వ పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్తుంటాను. ‘దేవుడున్నాడా?’ అన్న అంశం ఇస్తే చాలు, హాలు దద్దరిల్లుతుంది. చప్పట్లకు లోటుండదు. ఎదుటివాళ్ల మాట మాత్రం ఎవరి చెవికీ ఎక్కదు. ఆ పిల్లలకు నేను చెప్పే ఉదాహరణలు రెండూ 1948 నాటివే, ఇంగ్లండులో జరిగినవే.

ఆ ఏడాది జనవరి 28న బీబీసీ రేడియోలో తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్, క్యాథలిక్ జెస్యూట్ ఫాదర్ కోపుల్‌స్టన్ తలపడ్డారు. ముందుగా దేవుడంటే ఎవరో ఒప్పందానికొచ్చారు: లోకానికి వేరుగా ఉండి, దాన్ని సృష్టించిన పరమ పురుషుడు. లోకంలో ప్రతిదీ మరోదాని మీద ఆధారపడినప్పుడు, దేని మీదా ఆధారపడని మూలం ఒకటుండాలని ఫాదర్ వాదన. ప్రతి మనిషికీ తల్లి ఉందని మొత్తం మానవజాతికి ఒక తల్లి ఉంటుందా అని రసెల్ ఎదురు ప్రశ్న. ఆధారపడిన వస్తువుల వరుస ఎంత పొడుగైనా, ఆ వరుస ఎందుకుందో చెప్పినట్టు కాదు కదా అని ఫాదర్ జవాబు. ఇద్దరూ రాజీపడలేదు. అయితే తేడా ఎక్కడుందో వినేవాళ్లకు తేటతెల్లమైంది.

రెండోది ఫిబ్రవరి 2న, ఆక్స్‌ఫర్డ్ సోక్రటిక్ క్లబ్బు అనే చర్చావేదికలో. ప్రకృతి తప్ప మరేమీ లేదంటే మన ఆలోచననే నమ్మలేమని, అందుకే నాస్తికుడి వాదం తనను తానే కొట్టేసుకుంటుందని క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్ తన ‘మిరకిల్స్’ పుస్తకంలో రాశాడు. దాన్ని తూర్పారబట్టింది నాస్తికులు కాదు, ఎలిజబెత్ ఆన్‌స్కోంబ్ అనే 28 ఏళ్ల క్యాథలిక్ తత్వవేత్త. ఆలోచన ఎలా పుట్టిందన్నది ఒక ప్రశ్న, అది సరైనదా కాదా అన్నది వేరే ప్రశ్న, రెంటినీ కలిపేశారు అందామె. మనవాడే కదా అని ఊరుకోలేదు.

ఆ సాయంత్రం లూయిస్ కుంగిపోయాడని కొందరు మిత్రులు చెప్పారు. ఆమెకు అలా గుర్తులేదు. పుస్తకంలో జరిగింది మాత్రం కళ్లెదుటే ఉంది. 1960 ముద్రణలో ఆయన ఆ అధ్యాయాన్ని పేరుతో సహా మార్చి రాశాడు. వాదం వదులుకోలేదు, పదును పెట్టుకున్నాడు. ఆ తిరగరాతలో నిజాయితీ ఉందని తర్వాత ఆన్‌స్కోంబే మెచ్చుకుంది.

ఇప్పటి ఆస్తిక నాస్తిక చర్చల్లో ‘చిత్తుగా ఓడించాడు’ అన్న శీర్షికలకే గిరాకీ. మీ ఊళ్లో ఇలాంటి సభ పెడితే విజేతను ప్రకటించకండి. ఎదుటివారి మాట విన్నాక మీ వాదంలో ఏం మార్చుకున్నారని ఇద్దరినీ అడగండి. ఇద్దరి దగ్గరా జవాబు లేకపోతే అక్కడ చర్చ జరగనట్టే.