తొట్టిలో నమూనా, కడలిలో పందెం: ఓలిన్ స్టీఫెన్స్ పడవల విద్య

1931 జులై 4న అమెరికాలోని న్యూపోర్ట్ నుంచి ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌కు తెరచాప పడవల పందెం మొదలైంది. బరిలో దిగిన చిన్న పడవల్లో 52 అడుగుల ‘డొరేడ్’ ఒకటి. దాని నమూనా గీసిందీ, నడిపిందీ 23 ఏళ్ల ఓలిన్ స్టీఫెన్స్. తమ్ముడు రాడ్, తండ్రి కూడా వెంట ఉన్నారు. ఓలిన్ మంచుగడ్డల భయమున్నా దూరం కలిసొచ్చే ఉత్తరపు దారి పట్టారు. పదిహేడు రోజుల్లో అట్లాంటిక్ దాటేశారు. రెండో పడవ గట్టు చేరేసరికి మరో రెండు రోజులు గడిచాయి.

అప్పట్లో నడిసముద్రం మీదికి వెళ్లే పడవంటే బరువుగా, వెడల్పుగా ఉండాలనే నమ్మకం ఉండేది. డొరేడ్ వెడల్పు పదడుగుల పైచిలుకే. ఎదురుగాలిలో ప్రతి అల ఒక గోడలా అడ్డొస్తుంది. వెడల్పాటి పడవ దాన్ని ఢీకొని వేగం పోగొట్టుకుంటే, సన్నటిది చీల్చుకుంటూ పోతుంది. సన్నటి పడవ బోల్తా పడకుండా అడుగున లోతుగా సీసం బరువు పట్టి ఉంచుతుంది. అయితే గాలి వెనక నుంచి వీస్తే డొరేడ్ విపరీతంగా ఊగిపోయేది. మరీ సన్నగా గీశానని స్టీఫెన్స్ కూడా ఒప్పుకున్నారు. 1934లో గీసిన ‘స్టార్మీ వెదర్’ అనే పడవను దానికన్నా రెండడుగులకు పైగా వెడల్పు చేశారు. మరుసటి ఏడాది నార్వే దాకా సాగిన పందెంలోనూ, ఫాస్ట్‌నెట్ పందెంలోనూ అదే గెలిచింది.

పడవ లోపల మనుషులు ఊపిరి పీల్చుకోవడమూ డిజైన్‌లో భాగమే. తుపానులో తలుపులు మూస్తే ఉక్కపోత, తెరిస్తే నీళ్లు. రాడ్ దీనికి ఉపాయం కనిపెట్టారు. డెక్ మీద ఒక పెట్టె. దాని పైకప్పు మీద గాలికి ముఖం పెట్టిన వంపు గొట్టం. కిందిగదిలోకి గాలి దించే రెండో గొట్టం దానికి సూటిగా కాకుండా పక్కన ఉంటుంది, దాని అంచు పెట్టె అడుగుకన్నా ఎత్తుగా ఉంటుంది. గాలితోపాటు దూకిన నీరు పెట్టెలో పడి పక్కరంధ్రాల గుండా డెక్ మీదికి జారిపోతుంది, గాలి మాత్రం లోపలికి దిగుతుంది. ఈ అమరిక నేటికీ ‘డొరేడ్ బాక్స్’గానే చలామణి అవుతోంది.

1908లో న్యూయార్క్‌లో పుట్టిన స్టీఫెన్స్ ఎంఐటీలో చేరి, జబ్బు చేసి మొదటి ఏడాదే మానేశారు. కానీ లెక్కను వదల్లేదు. ఆయనతో కలిసి పనిచేసిన స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ కెనెత్ డేవిడ్‌సన్ పడవల చిన్న నమూనాలను నీటి తొట్టిలో లాగి పరీక్షించేవారు. మొదట్లో కాలేజీ ఈతకొలనే డేవిడ్‌సన్ ప్రయోగశాల. స్టీమరు నిటారుగా, తిన్నగా పోతుంది. తెరచాప పడవ ఒక పక్కకు ఒరిగి, కొంచెం పక్కకు జారుతూ పోతుంది. అందుకే నమూనానూ అలాగే వంచి లాగాలి. మరి తెరచాప ఇచ్చే బలం ఎంత? ‘గిమ్‌క్రాక్’ అనే పడవను నిజమైన గాలిలో నడిపి, ఆ కొలతల నుంచే ఆ బలాన్ని లెక్కగట్టారు. ఆ అంకెలతో తొట్టి ఫలితం సముద్రానికి అన్వయించింది.

ఈ పద్ధతి నుంచి 1937లో, స్టార్లింగ్ బర్జెస్‌తో కలిసి గీసిన ‘రేంజర్’ వచ్చి, అమెరికాస్ కప్ అనే అంతర్జాతీయ పడవ పందెంలో కప్పును అమెరికాకే నిలబెట్టింది. 1967లో అదే పందెం కోసం గీసిన ‘ఇంట్రెపిడ్’లో స్టీఫెన్స్ చుక్కానిని అడుగురెక్క (కీల్) నుంచి విడదీసి వెనక్కి జరిపారు, ఆ రెక్క చివర మరో చిన్న కదిలే రెక్క అమర్చారు. 1970లో మాత్రం ఆయన కొత్త పడవ ‘వేలియంట్’ ఆ కప్ కోసం జరిగిన ఎంపిక పోటీల్లో ఓడిపోయింది. ఓడించింది ఆ ఇంట్రెపిడే, వేరే డిజైనర్ చేతిలో మార్పులు పొంది! తొట్టి మీద నమ్మకం ఎంత ఉన్నా, చివరి మాట నీటిదేనని ఆ పోటీ తేల్చింది.

1970ల్లో ఎంఐటీలో పడవ వేగాన్ని కంప్యూటర్‌తో ముందే అంచనా వేసే పరిశోధన జరిగితే, ఆయన దాన్ని బలపరిచారు. రకరకాల పడవలు ఒకే పందెంలో తలపడినప్పుడు ఎవరికి ఎంత సమయం సర్దుబాటు ఇవ్వాలో తేల్చడానికి అలాంటి లెక్కలే ఆధారమయ్యాయి. ఆయన 2008లో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు. తాను గీసిన గీత తప్పో ఒప్పో స్వయంగా చుక్కాని పట్టి తెలుసుకున్నవాడు కాబట్టే, ఆయన లెక్కలను నావికులు నమ్మారు.