వంగపండు పాట కట్టుబడి

ప్రజాగాయకుడు వంగపండు ప్రసాదరావు అనగానే చాలామందికి ఆ గొంతు గుర్తొస్తుంది, కాలి గజ్జెలు గుర్తొస్తాయి. నన్ను మాత్రం ఆయన పాట కట్టిన తీరు వదలదు.

‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’నే చూడండి. మా చోడవరం వైపు సంతకో తీర్థానికో తోడు రమ్మని పిలిచే పిలుపది. ‘పిల్లడో’ దగ్గర గొంతు ఎంతైనా సాగుతుంది. మైకు లేని మైదానంలో చివరి వరసదాకా పాట అందాలంటే ఆ సాగుడు కావాలి. వెంటనే ‘ఎల్దమొస్తవా’ దగ్గర మాటలు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుస్తాయి, అడుగు పడుతుంది. జముకు వాయించేవాడు తంతిని బిగించి వదులుతూ మీటినప్పుడు పుట్టే ఊపు లాంటిదే ఇది.

అసలు పనితనం చరణాల్లో ఉంది. శ్రీకాకుళం కొండల్లో చిలకలు తిరగబడ్డాయంటారు. కళ్లారా చూసినట్టు కాదు, ‘అట’ అంటూ, ఎవరో చెప్పగా విన్న కబురులా చెబుతారు. 1967–70 నాటి శ్రీకాకుళ రైతాంగ పోరాటం తెలిసినవాళ్లకు ఆ చిలకలెవరో ఇట్టే తెలుస్తుంది. తెలియని పిల్లలకు అదో వింత కథ. ‘అట’ పడ్డ ప్రతిచోటా నిజమేనా, చూసొద్దామా అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే పల్లవి తిరిగొచ్చి, వస్తావా అని అడుగుతుంది. రమ్మని ఆజ్ఞాపించదు. ఎన్ని నినాదాలైనా ఇంతగా కదిలించలేవని నా నమ్మకం.

ఈ విద్య ఊరికే రాలేదు. వంగపండు 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా చేశారు. యంత్రం నడిచే వైనంతో మొదలై దాన్ని నడిపే కార్మికుడి దాకా వెళ్లే ఆయన పాట వింటే ఆ షాపు ఫ్లోరు వాసన తగులుతుంది. ఆయనకు ముందే శ్రీకాకుళ ఉద్యమ కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఆ ఉద్యమానికి మలిచి, 1969లో ప్రాణమిచ్చారు. ఆ దారిలోనే 1972లో గద్దర్ తదితరులతో కలిసి వంగపండు జననాట్యమండలి అనే విప్లవ కళాబృందాన్ని నిలబెట్టారు.

జానపదానికి హోరు ఎక్కడినుంచి రావాలన్నది పాత తగవే. 1965లో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో అమెరికా గాయకుడు బాబ్ డిలాన్ ఎలక్ట్రిక్ గిటారు పట్టినప్పుడు జానపద అభిమానుల్లో కొందరు గోల చేశారు. వంగపండు పాటకు హోరు తెచ్చింది కరెంటు కాదు, కోరస్. పాటలో సగం ఆయన పాడి, మిగతా సగం జనానికి వదిలేసేవారు. ఆర్. నారాయణమూర్తి సినిమా ‘అర్ధరాత్రి స్వతంత్రం’తో 1986లో ‘ఏం పిల్లడో’ పాట వెండితెరకెక్కి ఊరూరా పాకింది. మంచిదే. అయినా నాకు వాద్యాల సందడి కంటే జనం అందుకునే పాటే ఇష్టం.

2020 ఆగస్టు 4న ఆయన పోయారు. ఇప్పుడు డ్రమ్స్, గిటార్లతో ఆ పాటను ఎత్తుకోవాలనుకునే కుర్రాళ్లు నిరభ్యంతరంగా ఎత్తుకోవచ్చు. కాకపోతే ‘ఎల్దమొస్తవా’ అన్నాక వాద్యాలను కాసేపు ఆపాలి, జనం జవాబు చెప్పాలి కదా.