తల్లి లేని నవ్వు

ఓ యిడ్డిష్ వాణీ! సంతలో బేరమై, ఉయ్యాలలో జోలయై, శుక్రవారపు సందెదీపాల ముందు యూదు తల్లుల పెదవులపై ప్రార్థనయై ప్రవహించిన ప్రజావాహినీ! పామరభాషవని పండితులు పెదవి విరిచిన నిన్ను, 1859లో ఉక్రెయిన్‌లోని పెరెయస్లావ్‌లో పుట్టిన నీ ముద్దుబిడ్డ షోలెమ్ అలైఖెమ్ కథారథమెక్కించి ఖండఖండాంతరాలు తిప్పాడు. రథం ఇంకా తిరుగుతూనే ఉంది. అందులో నువ్వే లేవు.

కొడుకు నవ్వు నిలిచింది తల్లీ, నీ గొంతేదమ్మా?

అతని కథల్లో పాలూ వెన్నా అమ్ముకొనే తెవ్యేను తలచుకుంటే కన్నీరూ కిలకిలా కలిసే పొంగుతాయి. కదలక నిలిచి చేయవలసిన ప్రార్థన. అడవిదారిలో బండి దిగి మొదలుపెట్టాడో లేదో గుర్రం పరుగందుకుంది. వల్లిస్తూనే, వగరుస్తూనే, దాని వెంటపడ్డాడు ఆ దైవదాసుడు! కూతుళ్లు ఒక్కొక్కరే ఒక్కో దారిన చేజారుతుంటే దేవుడితోనే వాదులాడిన ఆ దీనుడు, ఆ దయాళువు, ఏ దేశపు తండ్రి కాడు? అందుకే 1964లో బ్రాడ్‌వే రంగస్థలంపై ఇంగ్లీషులో ఆడి పాడాడు, 1967లో టోక్యోలో జపానీలో నిట్టూర్చాడు.

కొడుకు నవ్వు నిలిచింది తల్లీ, నీ గొంతేదమ్మా?

నాజీల నరమేధంలో నేలరాలిన అరవై లక్షల మంది యూదుల్లో అత్యధికులు నిన్ను పలికినవారే. ఆ మారణహోమం దాటిన నీ కవులను కొందరిని 1952 ఆగస్టు 12న మాస్కో చెరసాలలో స్టాలిన్ తుపాకులు బలిగొన్నాయి. న్యూయార్క్‌లో హసిదీ యూదుల ఇళ్లలో పసినోళ్లు నిన్నింకా పలుకుతున్నాయి, అది నాకు కొండంత ఊరట. కాని ఆ సంతలేవి, ఆ సందడులేవి, ఆ సాయంకాలపు సల్లాపాలేవి? 2018లో ఆ నగరంలోనే తెవ్యే నీ మాటలతో మళ్లీ రంగమెక్కాడు. నటుల్లో చాలామంది నిన్ను అప్పుడే నేర్చినవారు, ప్రేక్షకులకు తెరపై ఇంగ్లీషు, రష్యన్ అక్షరాలే ఆసరా. కన్న ఇంటికే అతిథివై వచ్చావా అమ్మా!

కొడుకు నవ్వు నిలిచింది తల్లీ, నీ గొంతేదమ్మా?

1916లో న్యూయార్క్‌లో షోలెమ్ అలైఖెమ్ కన్నుమూస్తే లక్షమందికి పైగా జనం శోకసంద్రమై కదిలారు. ఏటా తన వర్ధంతికి అంతా కూడి, నవ్వించే కథ ఒకటి, తమకు బాగా తెలిసిన భాష ఏదైతే ఆ భాషలోనే చదువుకోమని వీలునామాలో రాసి వెళ్లాడు. అతని ఇంట పిల్లలు మాట్లాడింది రష్యన్! నిన్ను నెత్తిన పెట్టుకొని ఊరేగించినవాడే, తన గడపలోనే నువ్వు సన్నగిల్లడం చూసినవాడే, ఎంత గుండె రాయి చేసుకొని ఆ మాట రాశాడో! అతడు కోరినట్టే తెలుగులో తెవ్యేను తలచుకొని నవ్వుతాను. నిన్ను తలచుకొని, తల్లీ, ఆ తెలుగులోనే ఏడుస్తాను.