పడమటి గోడ నుంచి మొదలు

ఇంటి ప్లాను గీయడానికి కూర్చున్నప్పుడు నేను ముందుగా తేల్చుకునేది పడమటి గోడ సంగతి. హాలు ఎటు, గుమ్మం ఎటు అన్నవి ఆ తర్వాతే. స్థలం ఏ ఫేసింగ్ అయినా, యజమాని పెట్టే ఖర్చు ఎంతైనా నా వరస ఇదే. గుంటూరు, విజయవాడ ఎండల్లో ఆ ఇంట్లో ఏళ్ల తరబడి నిద్రపోవాల్సినవాళ్ల సుఖం చాలావరకు ఆ ఒక్క గోడ చేతిలో ఉంటుంది.

కిటికీ మీద రెండడుగుల సజ్జా పోస్తే ఎండ ఆగిపోతుందని చాలామంది నమ్మకం. దక్షిణం వైపు ఆ నమ్మకం చెల్లుతుంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. మిగతా నెలల్లో దక్షిణానికి వాలినా, మధ్యాహ్నం పూట ఎత్తులోనే ఉంటాడు కాబట్టి సజ్జా పనిచేస్తుంది. పడమట అలా కాదు. మే నెలాఖరున సాయంత్రం నాలుగింటికి రెండడుగుల సజ్జా నీడ కిటికీ మీద అడుగున్నర కూడా దిగదు. ఐదింటికల్లా అది ముప్పావు అడుగుకు వచ్చేస్తుంది. నాలుగడుగుల కిటికీలో మిగిలిందంతా గదిలోకి వచ్చే ఎండే. గోడ కూడా ఊరుకోదు. మధ్యాహ్నమంతా తాగిన వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. వేసవిలో రాత్రి తొమ్మిదింటికి పడమటి గోడకు లోపలి వైపు అరచెయ్యి ఆనించి చూడండి, తెలుస్తుంది.

అందుకే పడమటికి పెద్ద కిటికీ పెట్టను. ఆ గోడ పొడుగునా బీరువాలు, అటకలు, వీలైతే మెట్లు తెచ్చి ఆనిస్తాను. మన శాస్త్రం పెద్ద పడకగదిని నైరుతిలో పెట్టమంటుంది. నేను కాదనను, ఇల్లు కట్టుకునేవాళ్ల నమ్మకం కూడా ఆ ఇంటికి పునాదే. నైరుతి గదిలోనే పడమటి గోడ మొత్తం బట్టల అరలతో నింపి, కిటికీని దక్షిణానికి తిప్పితే శాస్త్రమూ నిలుస్తుంది, నిద్రా పడుతుంది. ఇంకొంచెం ఓపిక ఉన్న యజమానికి ర్యాట్ ట్రాప్ కట్టుబడి చెబుతాను. ఇటుకలను పక్కకు నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదులుతూ కట్టే పద్ధతి ఇది. కేరళలో లారీ బేకర్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఇటుక దాదాపు నాలుగో వంతు ఆదా అవుతుంది, గోడ లోపలి గాలి వేడిని అంత తొందరగా దాటనివ్వదు. దీనికి ఇటుక కొలతలన్నీ ఒకేలా ఉండాలి. మన దగ్గర దొరికే ఫ్లైయాష్ ఇటుకలు ఈ పనికి బాగా సరిపోతాయి. మేస్త్రీ మొదట్లో విసుక్కుంటాడు, నాలుగు వరసలు లేచాక చేతికి అలవాటవుతుంది.

ఈ మాటలు మొదలుపెట్టక ముందే చాలామంది సెల్‌ఫోన్ తీసి ఒక బొమ్మ చూపిస్తారు. ‘ఎలివేషన్ ఇలా రావాలండీ’ అంటారు. ముదురు బూడిద రంగు గోడలు, రెండంతస్తుల అద్దం, సజ్జాలే లేని డబ్బాల్లాంటి కిటికీలు. నాకు ఆ బొమ్మల మీద కోపమేమీ లేదు. ఇల్లు అందంగా ఉండాలనుకోవడం ఎవరికైనా న్యాయమైన కోరికే. కానీ ఆ బొమ్మలో ఏసీ బయటి యూనిట్ ఉండదు. వాననీటి గొట్టం, కరెంటు మీటరు, వంటింటి ఎగ్జాస్టు ఫ్యాను ఉండవు. గృహప్రవేశమైన ఏడాదికల్లా అవన్నీ ఆ ముఖం మీదికి ఎక్కుతాయి, ఎవరూ చోటు చెప్పలేదు కాబట్టి ఎక్కడపడితే అక్కడ. తూర్పు ఫేసింగ్ ఇంట్లో ఆగ్నేయపు వంటిల్లు సరిగ్గా వీధి వైపే వస్తుంది. దాన్ని కనపడకుండా జాలీ పలకలతో కప్పేయమని అడుగుతారు. కప్పితే పొద్దుటి వెలుగు పోతుంది, పోపు ఘాటు లోపలే తిరుగుతుంది. వంటింటి కిటికీ వీధికి కనపడితే తప్పేమిటి? అక్కడ నిలబడి గేటు తీసినవాళ్లెవరో చూసుకోగలగడం వండేవాళ్లకు పెద్ద సదుపాయం.

సజ్జా విషయంలో ఇంకో చిన్న పని ఉంది. సజ్జా అడుగున, అంచుకు రెండంగుళాలు లోపలగా, పొడుగునా వేలు పట్టేంత గాడి తీయించాలి. వాన నీరు ఆ గాడి దాటి గోడ వైపు పాకలేక అక్కడే చుక్కలుగా రాలిపోతుంది. ఆ గాడి లేని ఇంటికి ఎంత ఖరీదైన రంగు వేసినా రెండు వానాకాలాలు గడిచేసరికి కిటికీల కింద నల్లటి చారికలు దిగుతాయి. ప్లాస్టరింగు తడి ఆరకముందే చేయించాల్సిన పని ఇది. మేస్త్రీకి ముందే చెప్పి, ఆ పూట దగ్గర నిలబడండి.

కోనసీమ మండువా లోగిళ్లు చూసినప్పుడల్లా నాకు తోచేది ఒక్కటే, ఆ ఇళ్ల ముఖాన్ని ఎవరూ విడిగా గీయలేదు. నాలుగు వైపులా వసారా, నడుమ ఆకాశం, వానను లోపలికి జార్చే పెంకుల వాలు, వీధిలో అరుగు. ప్రతిదానికీ ఇంట్లో ఒక పని ఉంది. తీరం వెంబడి ఉన్న చుట్టిళ్లు గుండ్రంగా ఉన్నది కూడా తుపాను గాలి పక్కలనుంచి జారిపోవడానికే. రెండు వందల గజాల్లో మండువా కట్టమని నేననను. సెట్‌బ్యాకులు వదిలి, కారుకు చోటిచ్చాక మిగిలేది కొంచెమే. కానీ ఆ వరస మాత్రం పట్టుకోవచ్చు. లోపలి బతుకు ముందు, బయటి రూపం తర్వాత.

గదుల కొలతలు కాగితం మీద ఎప్పుడూ ధారాళంగానే కనిపిస్తాయి. పదీ పదకొండు అడుగుల గదినే తీసుకుందాం. ఆరున్నర అడుగుల మంచం, రెండడుగుల లోతు బీరువా పోను ఆ పదకొండు అడుగుల్లో మిగిలేది రెండున్నర. బీరువా తలుపు తెరిస్తే మనిషి నిలబడలేడు. మెట్లదీ అంతే. పదిన్నర అడుగుల ఎత్తుకు ఆరంగుళాల మెట్లయితే ఇరవై ఒకటి, ఏడంగుళాలైతే పద్దెనిమిది. హాలు పెంచుకోవడం కోసం మూడు మెట్లు తగ్గిస్తారు, ఆ బరువు రోజూ మోయాల్సింది పెద్దవాళ్ల మోకాళ్లు.

అందుకే పునాది తవ్వకముందే స్థలంలో ముగ్గు పోయించి గదులన్నీ చూపిస్తాను. ఆరుబయట ఏ గదైనా చిన్నదిగానే అనిపిస్తుంది, ఆ భయం పోవడానికి మంచమూ కుర్చీలూ తెప్పించి గీతల మధ్య వేయిస్తాను. మొన్నామధ్య తెనాలి వైపు ఒక ఇంటి ముగ్గులో మామ్మగారొకరు తన గది గీతల మధ్య కుర్చీలో కూర్చుని అటూ ఇటూ చూసి, “బాబూ, ఇక్కడ కూర్చుంటే నాకు వీధి కనపడదు కదా?” అన్నారు. కిటికీ అడుగు మూడడుగుల ఎత్తులో గీసి ఉంది. “రెండడుగులకు దించుతాను మామ్మగారూ” అన్నాను. ఆమె గది వీధి వైపు, తూర్పుకు. ఆ కిటికీ కిందికి దిగితే లోపల కూర్చోడానికి వీలుగా గట్టు వచ్చింది, పైన సజ్జా వెడల్పయింది. వీధిలో నుంచి చూస్తే ఇప్పుడు ఆ ఇంటికి అందమంతా ఆ కిటికీయే.

ఈ శ్రావణంలో శంకుస్థాపన పెట్టుకున్నవాళ్లకు నా మనవి. ముహూర్తానికి వారం ముందే ముగ్గు పోయించండి. ఇంటిల్లిపాదీ, ముఖ్యంగా వంట చేసేవాళ్లూ పెద్దవాళ్లూ, సాయంత్రం నాలుగింటికి ఆ స్థలంలోకి వెళ్లండి. ఎండ ఎటునుంచి పడుతోందో, గాలి ఎటునుంచి వీస్తోందో చూడండి. ప్రతి ఒక్కరూ తమ గది గీతల మధ్య కాసేపు కూర్చోండి. మార్చాలనిపించినవి ఆ రోజే ఇంజినీరుకు చెప్పండి. ఎలివేషన్ బొమ్మ గీయించే పని ఆ తర్వాత పెట్టుకోండి.