వేసే చెయ్యి, తీసే కిడ్నీ

ఉప్పు చెంచాతో కొలిచి వేసేవాళ్లను మా ఏలూరు వైపు వంటవాళ్ల కింద లెక్కపెట్టరు. చేత్తో తీసి వెయ్యాల్సిందే. నేనూ అలాగే వేస్తాను. కొల్లేటి వైపు నుంచి ఉప్పుచేప వచ్చి, పొయ్యి మీద పప్పుచారు మరిగే రోజున ఆ చెయ్యి మరీ ధారాళం. చేపను ఎంత కడిగినా ఉప్పు పోదు, చారులో మళ్లీ వేస్తాం, చివర పెరుగన్నంలోకి ఆవకాయ ముక్క ఎలాగూ ఉంది.

ఎంత తిన్నా కిడ్నీలు చూసుకుంటాయిలే అని ధీమా. కానీ సోడియం విషయంలో వాటికి అలవాటైన పని పారెయ్యడం కాదు, దాచుకోవడం. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని అవి రక్తంలోంచి వడగడతాయి. అందులో ఉండే ఉప్పు సుమారు కిలోన్నర! అదంతా బయటికి పోతే ఆ పూటే ప్రాణం మీదికొస్తుంది. అందుకే కిడ్నీల్లోని సన్నటి గొట్టాలు 99 శాతానికి పైగా వెనక్కి లాక్కుంటాయి. మొదటి భాగంలోనే మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చేస్తాయి. బేరమంతా చివర మిగిలిన ఆ కాస్త దగ్గరే. ఒంట్లో ఉప్పు తగ్గితే ఆల్డోస్టెరాన్ హార్మోను వచ్చి దాన్నీ వదలనివ్వదు. ఎక్కువైతే ఆ హార్మోను తగ్గుతుంది, సాగిన గుండె గదులు వేరే హార్మోనుతో వదిలెయ్యమని కబురంపుతాయి.

లాక్కోవడం ఊరికే జరగదు. కణాల గోడల్లోని పంపు మూడు సోడియం అయాన్లను నెట్టి రెండు పొటాషియంలను తెచ్చుకుంటే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చు. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కనిపెట్టింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోమన్ విడిగా కనిపెట్టాడు. పంపు సంగతి 1957లో తేల్చిన డెన్మార్క్ శాస్త్రవేత్త స్కౌకు 1997లో నోబెల్ వచ్చింది. తాడేపల్లిగూడెం నుంచి భీమవరం కాలేజీలకు వెళ్లే పిల్లల్లో ఎందరికి మన సుబ్బారావు సంగతి తెలుసో!

ఉప్పు హఠాత్తుగా పెంచితే కిడ్నీలు సర్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది, కొందరికి బీపీ ఎక్కుతుంది. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువుంటే దెబ్బతినేదీ ఆ కిడ్నీలే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు పెట్టిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు. అంటే టీ స్పూనుకు మించకూడదు. ఉప్పుచేప మానమని నేను చెప్పలేను, నావల్లే కాదు. ఆ రోజు చారులో ఉప్పు తగ్గించండి, ఆవకాయ జాడీ దించకండి. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు, బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా వాటిని కొనొద్దు.