నిప్పు చుట్టూ నలుగురు

మే నెల ఆఖరి సోమవారం మెమోరియల్ డే. అమెరికాలో ఆ వారాంతం మొదలుకుని సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాకా, సాయంత్రం పూట ఏ వీధిలో నడిచినా బొగ్గుల వాసన తగులుతుంది. మేముండే డాలస్ శివార్లలో మరీను. తెలుగువాళ్లం కూడా ఇల్లు కొన్న మొదటి వేసవిలోనే గ్రిల్లు కొంటాం. కొన్నాక చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, వంటింట్లో పప్పు, పులిహోర, బిర్యానీ, రెండు కూరలు, గారెలు అన్నీ యథాప్రకారం ఉంటాయి. వాటికి తోడు పెరట్లో చికెన్ కూడా కాలుతుంది. పని రెట్టింపు. ఇంటావిడ ఎప్పట్లాగే పొయ్యి దగ్గర, వచ్చినవాళ్లు హాల్లో టీవీ ముందు, ఇంటాయన ఒక్కడూ బయట పొగలో. పెరటి విందు అంటే ఇది కాదని నా గట్టి నమ్మకం.

ఆ సాయంత్రం వంటిల్లే పెరట్లోకి రావాలి. లోపల పొయ్యి వెలగకూడదు. ముక్కలకి మసాలా ముందురోజు రాత్రే పట్టించెయ్యాలి. పెరుగన్నం, కీర ముక్కలు, కొత్తిమీర పచ్చడి మధ్యాహ్నానికల్లా తయారై ఫ్రిజ్‌లో ఉండాలి. మిగతాదంతా జనం వచ్చాక, జనం ఎదుటే, జనం చేతుల మీదుగానే జరగాలి. హాయిగా సాగే విందు వెనక శ్రమ లేదని నేననను. ఆ శ్రమంతా అతిథి గుమ్మం తొక్కకముందే అయిపోవాలంటాను. అందరూ తిని లేచాక చివర్న ఒక్కత్తీ కూచుని తినే మనిషిని చూస్తూ పెరిగినవాళ్లం మనం. నిప్పు దగ్గర ఆ ఆనవాయితీ తప్పించడం చాలా తేలిక. ఇక్కడ బంతులుండవు, వడ్డనలుండవు. కాలింది కాలినట్టు తింటారు, కాల్చేవాళ్లు మారుతూ ఉంటారు.

ఇక నిప్పు సంగతి. గ్యాసు గ్రిల్లు పది నిమిషాల్లో వేడెక్కుతుంది, తప్పు పట్టను. కానీ గ్యాసు మంట చుట్టూ ఎవరూ మూగరు. బొగ్గులు రాజేస్తుంటే మాత్రం పిలవకుండానే నలుగురు చేరతారు. మా దగ్గరున్నది మూతతో గుండ్రంగా ఉండే కెటిల్ గ్రిల్లు. షికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసే జార్జ్ స్టీఫెన్ 1952లో, నీళ్లలో తేలే లోహపు బోయాని సగానికి కోసి, ఒక సగానికి కాళ్లు తగిలించి, రెండో సగాన్ని మూతగా వాడి తయారుచేసిన నమూనా నుంచి వచ్చిందది. ఆ మూతే దాని గొప్పతనం. అడుగున ఉన్న కంతల్లోంచి గాలి లోపలికి వెళ్తుంది, మూత మీది కంతల్లోంచి వేడి గాలి బయటికి పోతుంది. ఎంత తెరిస్తే అంత సెగ.

బొగ్గుకి తోడుగా వేసే కట్టెల్లో నాకు మెస్కీట్ మీద మక్కువ. టెక్సాస్ బీళ్లలో ముళ్లతో గజిబిజిగా పెరిగే ఈ చెట్టు మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం. సర్కారు తుమ్మ పుట్టిల్లు కూడా అమెరికా ఖండాలే. 19వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చి నాటితే చెరువు గట్లనీ బీళ్లనీ అల్లుకుపోయింది. దాన్ని బట్టీల్లో కాల్చి బొగ్గుచేసి అమ్ముకుని బతికే కుటుంబాలు మన మెట్ట జిల్లాల్లో ఉన్నాయి. మెస్కీట్‌ది గట్టి కట్టె, సెగ జోరు, పొగ ఘాటు. రెండు చిన్న ముక్కలు చాలు. అంతకుమించి వేస్తే మాంసం చేదెక్కుతుంది.

బొగ్గులు రాజెయ్యడానికి పొగగొట్టంలాంటి డబ్బా ఒకటి దొరుకుతుంది. కింద పాత న్యూస్‌పేపరు, పైన బొగ్గు. లైటర్ ద్రవం వద్దేవద్దు, ఆ కంపు తిండికి పడుతుంది. పదిహేను ఇరవై నిమిషాల్లో పైవరస నివురుగప్పుతుంది. అప్పుడు మొత్తం గ్రిల్లంతా పరవకుండా ఒక పక్కకే పొయ్యాలి, రెండో పక్క ఖాళీగా ఉంచాలి. జాలీకి జానెడు లోపు ఎత్తున అరచెయ్యి పెట్టి చూడండి. రెండు మూడు సెకన్లకే లాగేసుకుంటే సెగ గట్టిగా ఉన్నట్టు. చికెన్ కాళ్లు, తొడలు ముందు ఖాళీ పక్కన మూత పెట్టి మగ్గాలి, చివర్లో నిప్పుల మీదకి తెచ్చి రంగు రప్పించాలి. ముందే నిప్పుల మీద వేస్తే కొవ్వు కారి భగ్గుమంటుంది, తోలు మాడుతుంది, ఎముక దగ్గర పచ్చిగానే ఉంటుంది. ముక్క లోపల 165 డిగ్రీల ఫారన్‌హీట్ రావాలి. తొడ ముక్క ఇంకో పది డిగ్రీలు ఎక్కితే మరింత మెత్తబడుతుంది.

కానీ చికెన్ కంటే ముందు జాలీ ఎక్కాల్సింది వంకాయ. నిప్పులు బాగా ఉగ్రంగా ఉన్నప్పుడే, కాస్త నూనె రాసి, చాకుతో నాలుగు గాట్లు పెట్టి నేరుగా పెట్టెయ్యడమే. ఇక్కడ దొరికే పెద్ద వంకాయలు దీనికి బాగా పనికొస్తాయి. పొర నల్లగా పెళుసెక్కి, కాయ మెత్తగా కూలబడేదాకా తిప్పుతూ ఉండాలి. పక్కనే నాలుగు పచ్చిమిరపకాయలు. చల్లారాక పొర వలిచి, మిరపకాయలతో చేత్తో మెదిపి, చింతపండు రసం, ఉప్పు, కాస్త బెల్లం, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ కలిపితే పచ్చిపులుసు. ఆ కాలిన వాసన వంటింటి స్టవ్ మీద ఎంత తంటాలు పడ్డా సగమే వస్తుంది. పక్కింటి అమెరికన్ దంపతులు మా పెరట్లో అందరికంటే ముందు చెయ్యి చాచేది దీనికే.

రోజు ఎంచుకునేటప్పుడు తెలుగువాళ్లు ఒకటి చూసుకోవాలి. శనివారం వెంకన్న వారమని నీచు ముట్టనివాళ్లు మనలో చాలామంది. జులై, ఆగస్టుల్లో శ్రావణం వస్తే ఆ నెలంతా మానేసేవాళ్లూ ఉంటారు. అందుకే మా ఇంట్లో ఆదివారం సాయంత్రమే. అప్పుడైనా శాకాహారులకి వేరే చిన్న గ్రిల్లు, వేరే పట్టకారు, వేరే పళ్లెం ఉంటాయి. చికెన్ కాల్చిన జాలీనే తుడిచి పన్నీరు పెట్టడం నాకు అమర్యాదగా తోస్తుంది. వాళ్ల పొయ్యి కూడా ఘనంగా ఉండాలి: చిలగడదుంపలు, క్యాప్సికం, పన్నీరు, అనాస ముక్కలు. మొక్కజొన్న పొత్తులు మాత్రం పిల్లల వంతు. నిప్పుల మీద తిప్పి, ఉప్పూకారంలో అద్దిన నిమ్మచెక్కతో రుద్దడం ఒకళ్లు మొదలెడితే మిగతా పిల్లలంతా ఫోన్లు వదిలి లేచొస్తారు.

ఎండ దిగాక ఆరున్నరకి నిప్పు రాజేస్తాం. జూన్ ఆఖర్లో ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాటితే గానీ పొద్దు గూకదు కాబట్టి తొందరేం లేదు. ఒకటి మాత్రం పట్టింపుగా చూస్తాం. 90 డిగ్రీలు దాటిన వేడిలో వండిన పదార్థం గంటకి మించి బయట ఉండకూడదు. అందుకే కొద్దికొద్దిగా కాలుస్తాం, పెరుగన్నం గిన్నె ఐసులో కూర్చుంటుంది. ఒకసారి నేను ప్లేట్లు తీయబోతే మావారి స్నేహితుడు “వదినా, మీరు కూర్చోండి, ముక్క చల్లారిపోతోంది” అని పళ్లెం చేతిలో పెట్టాడు. పట్టకారు అప్పటికే వాళ్లావిడ చేతిలో ఉంది, మావారు గిన్నెలు లోపలికి మోస్తున్నారు.

ఆగస్టు విందుకి మేం పనిగట్టుకుని పిలిచేది కొత్తగా చదువుకోవడానికి వచ్చిన పిల్లల్ని. డాలస్ చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలకి ఏటా మనవాళ్లు చాలామందే వస్తారు. తెలియని ఇంటి డైనింగ్ టేబుల్ ముందు కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డిస్తే వాళ్లు బిగుసుకుపోతారు, అడిగినదానికల్లా “చాలండీ” అంటారు. అదే పట్టకారు ఇచ్చి “బాబూ, ఆ తొడలు కాస్త తిప్పు” అంటే పావుగంటలో మాటలు వస్తాయి. ఏ ఊరో, పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరికిందో లేదో, అద్దె ఎంతో, ఇంటికి ఎన్నాళ్లకోసారి ఫోన్ చేస్తున్నాడో అన్నీ ముక్కలు తిప్పుతూనే చెప్తాడు. వాళ్లలో చాలామందికి కార్లుండవు. తీసుకొచ్చి, తిరిగి గదుల దగ్గర దింపి రావడం కూడా విందులో భాగమేనని ముందే అనుకుని, వచ్చే కుటుంబాలవాళ్లం దారుల్ని బట్టి పంచుకుంటాం.